చెవి కింద చుక్క

నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్లు జరిగే థియేటర్లో గుల్జార్ బేగం నర్సు. పదహారేళ్లలో ఆమె స్టూలు మీద కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. సర్దిన కత్తెరలనే మళ్లీ సర్దుతుంది. కోయాల్సిన చెవి కింద డాక్టరు ముందురోజు నల్ల పెన్నుతో పెట్టిన చుక్కను చూస్తుంది, కేసుషీటు చూస్తుంది, తిరిగొచ్చి ఆ చుక్కను వేలితో రుద్దుతుంది. "అది యాడికీ పోదులే అక్కా," అని మత్తు టెక్నీషియన్ ఫణీంద్ర నవ్వుతాడు. ఆ బుధవారం నూజెండ్ల నుంచి వచ్చిన ఆరేళ్ల యశస్వినికి మత్తు ఎక్కింది. చుక్క కుడి చెవి కింద ఉంది. డాక్టరు అటే తిరిగాడు. గుల్జార్ రుద్దగానే నలుపు ఆమె గ్లౌజుకు అంటింది. పెన్ను మరక అలా ఊడిరాదు. "ఆగండి సార్," అని షీటు తీసింది. ఎడమ చెవి అని ఉంది. గబగబా బయటికి వచ్చింది. అక్కడ పిల్ల నాయనమ్మ శేషారత్నం కూర్చుని ఉంది.

"మామ్మా, పిల్లకు కాటుక పెట్టావా?"

"దిష్టి తగలకుండా పెట్టా. ఇంకో చెవి కింద ఏందో మసి ఉంటే కొబ్బరినూనెతో తుడిచా. ఏమ్మా, తప్పా?"

గుల్జార్ లోపలికి పరుగెత్తింది. డాక్టరు ఎడమవైపుకు మారాడు. ఫణీంద్ర నవ్వలేదు.

ఇప్పుడు ఆమె ఆపరేషన్‌కు ముందే వార్డులో తిరిగి కాటుక డబ్బీలున్న ముసలమ్మలను పట్టుకుంటుంది. "దిష్టిచుక్క అరికాలికి పెట్టండి మామ్మా, అక్కడ మేం కొయ్యం," అంటుంది. పెట్టేదాకా అక్కణ్ణుంచి కదలదు.