కాలింపాంగ్ తీగకు జగ్గారావన్న చూసిన సంబంధం

మా జగ్గారావన్నకు ఒకే ఒక్క పట్టుదల. భూమ్మీద ఏ తీగా ఒంటరిగా పాకకూడదు.

మనుషులు ఒంటరిగా సినిమాకు వెళ్ళినా, ఒంటరిగా భోంచేసినా ఆయనకు పట్టదు. ఎక్కడో ఒక దొండపాదు జత లేకుండా పందిరెక్కుతోందని తెలిస్తే మాత్రం ఆ పూట ఆయనకు అన్నం సయించదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లింగులు బిగించిన మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ఊళ్ళోనే పూరీ గేట్ పేటలో ఇంటి చుట్టూ అరవై కుండీలు పెట్టి, వ్యాగన్లను వదిలి తీగలను పట్టుకున్నాడు.

ఆయన దగ్గర ఒక పాత డ్యూటీ రిజిస్టరు ఉంది. ప్రతి తీగకూ అందులో ఒక పేజీ. ఎంత ఎత్తు పాకుతుంది, వేరు ఎంత లోతుకు దిగుతుంది, ఏ నెలలో పూస్తుంది, ఏ నెలలో కత్తిరించాలి, దేన్ని పట్టుకుని ఎక్కుతుంది. అన్నిటికీ చివర ‘స్వభావం’ అని ఒక గడి. బచ్చలి పేజీలో ‘ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది’ అని ఉంటుంది. రాధామనోహరం పేజీలో ‘మంచిదే గాని తన మాటే నెగ్గాలి’ అని ఉంటుంది. కాగితం పూల తీగకు మాత్రం ఒకే మాట రాశాడు: ‘కాంట్రాక్టరు’.

జత నచ్చితే రెండు కుండీలనూ పదిహేను రోజులు పక్కపక్కన పెట్టి గమనిస్తాడు. ఆయన దాన్ని ట్రయల్ రన్ అంటాడు. అందులో పాసైతే సుద్దముక్కతో కుండీ మీద ‘ఫిట్’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెడతాడు. సంతకం పడని తీగ ఆయన గేటు దాటదు.

ఝపటాపూర్‌లో మిఠాయి కొట్టు నడిపే మండల్ దాదా ఒకసారి వచ్చాడు. “దాదా, ఏక్‌టా మాధొబీలొతా దిన్ నా” అన్నాడు. రాధామనోహరం ఒకటి ఇమ్మని. దాన్ని బెంగాలీవాళ్ళు అలా అంటారు.

“ఏక్‌టా ఇవ్వను. రెండోది ఏటి పెడతావు?” అన్నాడు జగ్గారావన్న.

“రెండోది ఎందుకు దాదా? కొట్టు ముందర నీడకి ఒకటి చాలు.”

“ఒక డబ్బాని రైలంటావా?”

ఇరవై రోజులు తిరిగాక మండల్ దాదాకు రాధామనోహరమూ, దాని జతగా ఒక దొండపాదూ దక్కాయి. ఆ దొండపాదు కొట్టు ముందు పాకకుండా గోడ దాటి, పక్కనే సెల్‌ఫోన్లు బాగుచేసే సొంత తమ్ముడి వైపు కాసింది. అన్నదమ్ములకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. మండల్ దాదా రోజు విడిచి రోజు తమ్ముడి ముందు నిలబడి ‘కుంద్రి ఉందా’ అని దొండకాయలు అడుక్కోవాల్సి వచ్చింది.

“జత తప్పింది కదన్నా” అన్నాను నేను.

“పాదు తప్పేటి? ఎండ అటేపుంది” అన్నాడు. నేనది ఆయన ఖాతాలో పొరపాటుగానే వేసుకున్నాను.

చిలకమ్మ వదినకు మాత్రం ఈ వ్యవహారమంతా గిట్టదు. “నన్ను సూడ్డానికొచ్చినప్పుడు మీ అన్న అరగంట కూర్నేదు రామ్మూర్తీ. కాఫీ తాగి ‘సరే’ అన్నాడు. సిక్కుడుపాదుకి నెల రోజులు కావాలంట” అంటుంది.

“నీ విషయంలో ట్రయల్ రన్ నేదే. దాని ఫలితం సూస్తన్నాను కదా” అంటాడు ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండా.

ఇలాంటి మనిషి చేతికి కిందటి ఫాల్గుణంలో సిస్టరు గారి తీగ చిక్కింది.

సిస్టరు గారంటే ఎవాంజలిన్ గారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తాల్‌బగీచాలో సొంత ఇల్లు. భర్త శామ్ గారు లోకో పైలట్. ఆయన కొండల్లోని కాలింపాంగ్ వెళ్ళి వస్తూ ఒక క్లెమాటిస్ తీగ తెచ్చి వరండా పక్కన నాటాడు. నక్షత్రాల్లాంటి పెద్ద పెద్ద ఊదా పువ్వులు పూస్తుందని భార్యకు ఫోటో చూపించాడట. ఆ పువ్వు చూడకుండానే మరుసటేడు పోయాడు. ఆ తరువాత సిస్టరు గారు తలుపు తీయడం మానేశారు. పాలవాడు కిటికీలోంచి పాకెట్టు అందించేవాడు. పొద్దున్న పది దాటితే గాని ఆ ఇంట్లో చప్పుడు వినిపించేది కాదు.

ఆవిడే ఒకరోజు ఫోన్ చేసి మమ్మల్ని రమ్మన్నారు. తీగ సన్నబడి, గోడకు ఎవరో దారం అతికించినట్టుంది.

“జగ్గారావు గారూ, ఉన్న మాట చెప్తాను. ఈ వానలయ్యేసరికి ఇది పూసిందా, ఉంటాను. పూయలేదా, ఇల్లు అద్దెకిచ్చి బిలాస్‌పూర్‌లో మా చెల్లి ఏంజలిన్ దగ్గరికి పోతాను. కళ్ళముందు ఇది కూడా పోతుంటే చూస్తూ కూర్చోడం నా వల్ల కాదు” అన్నారు.

జగ్గారావన్న తీగ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి మట్టి ముట్టుకున్నాడు. “కొండపిల్లండి ఇది. తల ఎండలో ఉండాల, కాళ్ళు సల్లగుండాల. మీరు రెండూ ఎండలో పెట్టినారు. పైగా ఇది ఆకుకాడతో పట్టుకుంటాది. గోడని ఎలాగ పట్టుకుంటాది సెప్పండి? పెన్సిలు కంటే సన్నగా ఏదైనా ఉండాల. జత కావాలమ్మా దీనికి.”

“ఏ జతో తొందరగా చెప్పండి.”

“తొందరా?” అన్నాడు, బూతుమాట విన్నవాడిలా.

మూడు నెలలు పట్టింది. నేలలో పాతుకున్న తీగ కనుక ఈసారి ట్రయల్ రన్ అక్కడే. ఆయన కుండీ సైకిలు మీద పెట్టుకుని తాల్‌బగీచా వెళ్ళడం, నేను వెనకాల రిజిస్టరు మోయడం. గుడికి పువ్వులు తెచ్చే పని నాది కనుక పొద్దున్న పూజ అయ్యాక నాకు తీరికే. మొదట రాధామనోహరం వెళ్ళింది. వారం తిరక్కుండా వద్దన్నాడు. “ఆర్నెల్లలో కొండపిల్ల కనపడకుండా కప్పేస్తాది. రాసుకో.” రాసుకున్నాను. తీగ గులాబీ వెళ్ళింది. “రెండిటికీ ఒకే ఆకలి. ఒక గుంతలో ఇద్దరు తిండిపోతులొద్దు.” తీగమల్లె వెళ్ళింది. “కత్తిరింపు నెలలు కలవవు. ఒకదాన్ని కోయబోతే రెండోదాని పీక తెగుతాది.” చిక్కుడు వెళ్ళింది. “పేనుబంక పట్టే వంశం.”

సిస్టరు గారు మొదట వరండాలోంచి వినేవారు. చిక్కుడు నాటికి మెట్టు దిగి వచ్చి వాదించారు.

“చిక్కుడుకేం తక్కువండీ? ఆరోగ్యంగా ఉంది. నేను నలభై ఏళ్ళు రోగులను చూశాను.”

“వంశం బాగోనేదన్నాను కదా సిస్టరుగారూ.”

“శామ్ నన్ను పెళ్ళికి అడిగినప్పుడు మా నాన్న కూడా ఇదే అన్నాడు. ఆయన్నీ ఖాతరు చెయ్యలేదు.”

జగ్గారావన్న ఆ మాట కూడా రిజిస్టరులో రాయించాడు. ఏ గడిలో రాయాలో తెలియక నేను ‘స్వభావం’ కింద రాశాను.

చివరికి జ్యేష్ఠంలో ఒక సాయంత్రం, అప్పటికే పూస్తున్న శంఖుపూల తీగ నాటి, పక్క గోడ మీద ‘ఫిట్’ అని రాసి సంతకం పెట్టాడు. “కాడ దారంలాగుంటాది, కొండపిల్ల పట్టుకోడానికి బాగుంటాది. వేర్లో ఎరువు తనే సేసుకుంటాది, పక్కవాళ్ళ కంచంలో సెయ్యెట్టదు. మొదట్లో నీడిస్తాది. ఒక్కటే షరతు. రోజూ పొద్దున్న ఆరింటికల్లా పూలన్నీ కోసెయ్యాల. కాయ కట్టిందంటే పూత ఆగిపోతాది. బరువెక్కి కొండపిల్లని కిందికి లాగెస్తాది.”

“నా మోకాళ్ళతో నేను కొయ్యలేను” అన్నారు సిస్టరు గారు.

“మీరెందుకు? రామ్మూర్తి గుడికి కోసుకుంటాడు. మీరు గేటు తియ్యండి, సాలు.”

నేను అడ్డం పడ్డాను, “అన్నా, గుడి పక్కనే నాకు నాలుగిళ్ళ పువ్వులున్నాయి. రోజూ తాల్‌బగీచా దాకా తొక్కాలంటే నాలుగున్నరకి లేవాలి.”

“జత కుదిరిపోయినాక నువ్వు కాదంటే ఎలాగ?” అన్నాడు జగ్గారావన్న. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మొదటి వారం నేను ఆరింటికి గేటు దగ్గర నిలబడి బెల్లు కొట్టీ కొట్టీ అలిసిపోయాక, ఆరున్నరకు సిస్టరు గారు తలుపు తీసేవారు. నన్ను చూసే చూపులో దైవభక్తి ఏమీ ఉండేది కాదు. రెండో వారం బెల్లు రెండుసార్లకే తీశారు. మూడో వారం గేటు తెరిచే ఉంది, అరుగు మీద టీ ఉంది. ఒకరోజు నేను మెట్టు మీద కూర్చుని రొప్పుతుంటే లోపలికి వెళ్ళి బీపీ మిషను తెచ్చారు.

“నూటయాభై. ఉప్పు తగ్గించండి. ఊరగాయ ముట్టుకోకండి.”

“మాగాయ కూడానా అండీ?”

“మాగాయ ఊరగాయ కాదా?”

పక్కింటి దీదీ గోడ మీదుగా ఇది చూసి మర్నాడు తన చెయ్యి కూడా చాచింది. ఆ తరువాత ఎదురింటి గార్డు బాబు వచ్చాడు. శ్రావణం నాటికి ఆరింటికి ఆ గేటు ముందు అయిదారుగురు చేతులు చాచి నిలబడుతున్నారు. నేను వాళ్ళ మధ్యలోంచి దూరి పువ్వులు కోసుకోవాల్సి వచ్చేది. నీలం పువ్వులు బుట్టనిండా వచ్చేవి. అన్నీ కోశానో లేదో సిస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని వెతికి, ఒక్కటి మిగిలినా పిలిచేవారు. “దేవుడికిచ్చేది ఇలాగేనా రామ్మూర్తి గారూ? అదిగో, ఆకు కింద.”

వానలు వెనకబట్టాయి. దసరా అయిపోయింది. క్లెమాటిస్ శంఖుపూల కాడలు పట్టుకుని వరండా పైకప్పు దాకా ఎక్కింది. పచ్చగా, నిండుగా ఉంది. మొగ్గ మాత్రం ఒక్కటి లేదు.

గడువు దాటిందని నాకు తెలుసు. సిస్టరు గారికి గుర్తుచేసే ధైర్యం లేదు. ఒకరోజు నేను పువ్వులు కోస్తుండగా బిలాస్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. సిస్టరు గారు ఒక చేత్తో గార్డు బాబుకు బీపీ పట్టీ బిగిస్తూ మాట్లాడారు.

“ఎలా వస్తానే ఏంజలిన్? పొద్దున్నే గేటు ఎవరు తీస్తారు? ... లేదు, పూయలేదు. పూయకపోతే చచ్చిపోయినట్టా? నేను మాత్రం పూస్తున్నానా? ... నువ్వే రా, ఒక వారం ఉండి వెళ్ళు. ఉండు, ఇక్కడ ఈయనకి నూటడెబ్భై వచ్చింది.”

ఫోన్ పెట్టేశారు. పూజ అయిన వెంటనే జగ్గారావన్న దగ్గరికి వెళ్ళాను. కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు.

“అన్నా, క్లెమాటిస్ పూయలేదు.”

“పూయదు. ఇక్కడ వానల్లో ఎలాగ పూస్తాది? పూస్తే గీస్తే సలికాలం పోయినాక.”

“ముందే తెలుసా?”

“సూడగానే తెలుసు.”

“మరి వానల గడువు పెడితే ఎందుకు ఒప్పుకున్నావు? మూడు నెలలు ఏం చూశావు?”

నీళ్ళ డబ్బా కింద పెట్టాడు. “తీగెని కాదు తమ్ముడూ. కోసేవోళ్ళని సూసినాను. రాధామనోహరం ఎవుళూ కోయక్కర్నేదు, దండగ. గులాబీ ఆవిడే కోసుకుని ఆవిడే పెట్టుకుంటాది, గేటు తియ్యదు. మల్లెపూలకి సాయంత్రం మీ వదిన ఎల్తాది. అది గంట మాటాడితే సిస్టరుగారు ఆ రాత్రి బండికే బిలాస్‌పూర్ ఎలిపోతారు.”

“నాకు ఇనపడతంది” అంది వదిన వంటింట్లోంచి.

“చిక్కుడు?”

“వారానికోసారి కోస్తే సరిపోతాది. ఆరు రోజులు తలుపేసుంటాది.” మళ్ళీ డబ్బా ఎత్తాడు. “రోజూ కావాల. ఎండైనా వానైనా మాననోడు కావాల. దేవుడి పనంటే మానడానికి నీకు దైర్నం సాలదు. అందుకని శంఖుపూలు.”

నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. అయిదు నెలలుగా నాలుగున్నరకి లేస్తున్నవాడిని నేను. మాగాయ మానేసినవాడిని.

“దేవుడి పేరు పెట్టి ఇలా చెయ్యొచ్చా అన్నా? తప్పు కాదూ?”

జగ్గారావన్న ఇంకో కుండీకి నీళ్ళు పోశాడు. “ఏమో తమ్ముడూ. రోజూ ఎల్లేవోడివి నువ్వు. నువ్వే అడుగు.”

మర్నాడు తాల్‌బగీచా పువ్వులు స్వామి పాదాల దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని అడిగాను. కాస్త సేపు నిలబడ్డాను కూడా. ఆయన ఏమీ అనలేదు. నీలం పువ్వుల్లో పీకలదాకా మునిగి, ఎంతో హాయిగా ఉన్నట్టు కనిపించాడు.