పసుపు గీత పెట్టుకున్న నీలి సీతాకోక

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పాతబడిన ప్రతి వస్తువుకీ ఒకటే వైద్యం: వార్నీషు. కుర్చీకి అదే, రేడియో పెట్టెకీ అదే. మా మావయ్య (అమ్మ తమ్ముడు) వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేసే పెయింటరు కాబట్టి మా ఇంట్లో ఆ వైద్యం మరీ ఎక్కువ. నేను బీఎస్సీ చదువుతున్నాను. జువాలజీ ప్రాక్టికల్స్‌కి ఒక పురుగునో సీతాకోకనో పట్టి, ఆరబెట్టి, ఎగ్జామినరు ముందు అదేమిటో గుర్తుపట్టి చెప్పాలి. అది తప్పితే చదువు మాని టైపు నేర్చుకోవాలని నాన్న ముందే తేల్చేశారు.

మా క్వార్టర్ల దగ్గరి తాల్‌బగీచా పేట గడ్డిలో వేలిగోరంత నీలి సీతాకోకను పట్టి, రెక్కలు విప్పి అట్టకు గుచ్చాను. పైన లేత నీలం, అడుగున బూడిద రంగు మీద నల్ల చుక్కలు. ఇలాంటివి రెండు మూడు రకాలున్నాయి, పైనుంచి చూస్తే అన్నీ అక్కచెల్లెళ్లే. ముందు రెక్క అడుగున, పై అంచుకు ఆనుకుని చుక్కలుంటేనే నేను పట్టిన రకం. పరీక్ష ముందురోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మావయ్య దాని పైన ఒక కోటు వార్నీషు వేసేశాడు, పదికాలాలు ఉంటుందని. ఆ నీలం పూసిన రంగు కాదు, రెక్కల మీది పొడిలో వెలుగు పడితే కనిపించేది (ఇది మావయ్యకు ఎవరు చెప్పాలి?). ఆ తడికి నీలమంతా పోయి, సీతాకోక మాడిన కరివేపాకులా తయారైంది. నేను ఏడుస్తూ కూర్చున్నాను.

"ఏటే, దీనికే ఏడుపా? నాను నేనా?" అన్నాడు మావయ్య (ఆయన యాసలో 'లే' కాస్తా 'నే' అవుతుంది). ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయాడు. పొద్దున లేచేసరికి సీతాకోక నీలంగా మెరుస్తోంది. పైగా రెక్కల చుట్టూ వెంట్రుకంత సన్నటి పసుపు గీత. "అంచుకి గీత నేకపోతే బండికి అందం రాదే" అన్నాడు.

ఎగ్జామినరు గారు బెంగాలీ పెద్దమనిషి. భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, తాల్‌బగీచాలో వీటికి జరీ అంచు కూడా వేస్తారా అని అడిగారు. మా మావయ్య పెయింటరండీ అన్నాను. ఆయన నవ్వలేదు. సూదితో ఎత్తి, వెల్లకిలా తిప్పి, ఇప్పుడు చెప్పమన్నారు. అదృష్టవశాత్తూ అడుగు భాగం మావయ్య ముట్టుకోలేదు. చుక్కలు చూపించి పేరు చెప్పాను, పాసయ్యాను.

సాయంత్రం మావయ్య డ్యూటీ దిగి, చేతులైనా కడుక్కోకుండా మా ఇంటికి వచ్చాడు. నా మార్కుల సంగతి ఎత్తలేదు. "గీత సూసి ఏటన్నారు?" అన్నాడు. చాలాసేపు చూశారని చెప్పాను. అది నిజమే. ఆ మాటకే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు మావయ్య లేడు. ఈ వయసులో అడిగి ఉంటే అంత పొదుపుగా చెప్పేదాన్ని కాదు, చాలా బాగుందన్నారని కూడా చెప్పేదాన్ని.