మేస్త్రీగారి భార్య చేయని పని

ఆ వీధిలో సోఫాలు బాగుచేసే మనిషిని అందరూ మేస్త్రీ అనేవారు. అతని భార్యని మేస్త్రీగారి భార్య అనేవారు, అంతే. నిజానికి మేస్త్రీ చేసేది సగం పనే. పాత గుడ్డ పీకడం, చెక్క బిగించడం, స్పాంజి కోయడం అతని వంతు. కొత్త గుడ్డ కొలిచి, కత్తిరించి, మూలల్లో ముడత పడకుండా కుట్టడం ఆవిడ వంతు. కొట్టు వెనక గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను ఉండేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, వాటి సందులోంచే పిల్లల్ని కసిరేది, మొగుణ్ణి దెప్పేది. ఇరవై రెండేళ్లు అలాగే కుట్టింది.

మేస్త్రీ చెడ్డవాడేం కాదు. కాకపోతే తనంత తెలివైనవాడు లేడనుకునేవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఏటా నింపే పన్ను కాగితంలో భార్య ఏం చేస్తుందో రాయడానికో గడి ఉంటుంది. పని చేయని భార్యని పోషించేవాడికి పన్ను కాస్త తగ్గుతుంది. మేస్త్రీ ఆ గడిలో 'ఏ పనీ లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. దానివల్ల మిగిలేది రెండు స్పాంజి పలకల ఖరీదు. ఆమాత్రానికే ఏదో గెలిచినట్టు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవాడు.

అతని కాగితాలు చూసిపెట్టే గుమాస్తా ఒక ఏడాది నచ్చజెప్పబోయాడు.

"మీ ఆవిణ్ణి కూడా భాగస్వామిగా చూపించండి. రాబడి ఇద్దరికీ పంచితే పన్ను పెద్దగా పెరగదు. ఆవిడ పేరున పింఛను చందా కూడా పడుతుంది. రేపు చెయ్యో కాలో ఆడకపోతే ఆవిడకంటూ ఏదో ఒకటి ఉంటుంది."

"మా ఆవిడకి నేను వాటా రాసివ్వడమేంటండీ? ఉన్నదంతా ఆవిడదే కదా!" అని నవ్వేశాడు మేస్త్రీ.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భార్య నవ్వలేదు. "రాస్తే ఏం పోయింది?" అంది.

"నీకు తెలీదు, ఊరుకో."

ఊరుకుంది.

మొన్న చలికాలంలో ఆవిడ కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు, కత్తెర పట్టు దొరకదు. ఇక కుట్టు మానుకోవాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. పని చేయలేకపోయిన వాళ్లకి నెలనెలా పింఛనిస్తారని ఎవరో చెబితే ఆవిడ మొహం వెలిగింది. "ఎంతొస్తే అంత రానీ, నాదంటూ ఉంటుంది" అని చీర మార్చుకుని బయల్దేరింది. వెంట మేస్త్రీ కూడా వెళ్లాడు.

ఆఫీసులో బల్ల అవతల కూర్చున్న అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. "ఇది పని చేసి, ఇప్పుడు చేయలేకపోతున్న వాళ్లకండీ. మీరెప్పుడూ పని చేయలేదు కదా?"

"చేయకపోవడమేంటమ్మా! ఇరవై రెండేళ్లు కుట్టాను."

ఆ అమ్మాయి పాత పన్ను కాగితాల ఫైలు ఇటు తిప్పింది. ఏటికేడు మొగుడి దస్తూరీలో 'ఏ పనీ లేదు'. ఆవిడ ఒక్కో కాగితమే తిప్పుతూ చివరిదాకా చదివింది. మేస్త్రీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నాదేనండీ, అలా రాయకూడదు" అన్నాడు.

"మరి అన్నేళ్లూ తగ్గింపు ఎలా తీసుకున్నారు?" అంది ఆ అమ్మాయి.

"పదండి" అంది భార్య. దారంతా ఆవిడ రెండడుగులు ముందే నడిచింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననుకున్నాడు మేస్త్రీ.

మర్నాడు తెల్లారగానే గుమాస్తా దగ్గరికి పరుగెత్తాడు. పాతవి దిద్దితే పింఛను రాకపోగా జరిమానా పడుతుందని, కావాలంటే ఈ ఏడాది నుంచి రాసుకోవచ్చని చెప్పాడు గుమాస్తా. అదే మహాభాగ్యమనుకుని, భార్యని సగం వాటాదారుగా చూపించే కాగితం రాయించుకుని వచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"నీ పేరు ఎక్కించాను. సగం నీదే. సంతకం పెట్టు."

ఆవిడ కాగితం వంక చూసింది గానీ కలం అందుకోలేదు. "ఈ ఏడాది నేను కుట్టిందేముందండీ?"

"అన్నేళ్లు కుట్టావు కదే!"

"అది నాకు తెలుసు" అంది ఆవిడ. "మీకూ తెలుసు. తెలిసే రాశారు."