మల్లయ్య కుడి కన్ను

1997లో నేను పటాన్‌చెరులో, బొంబాయి రోడ్డు పక్కన ఒక చిన్న కంటి క్లినిక్‌లో రిఫ్రాక్షనిస్టుగా పనిచేసేదాన్ని. అంటే డాక్టరు గారు చూడకముందే రోగి చూపు కొలిచి, అద్దాల నంబరు తేల్చే పని. కళ్ల ముందు ఒక లెన్సు తీసి ఇంకొకటి పెడుతూ "ఇది బాగుందా, ముందుదా?" అని రోజంతా అడగాలి. ఇంట్లో కూడా పెద్దగా నోరు విప్పని నాకు సాయంత్రానికి ఆ ఒక్క ప్రశ్నతోనే గొంతు పోయేది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కార్మికులు, చూపు కొలిచే చీకటి గదిలో కుర్చీ దొరకగానే నిద్రపోయేవారు. వాళ్లను లేపడానికి మొహమాటంగా ఉండేది.

మల్లయ్య ఒక మధ్యాహ్నం వచ్చాడు. దగ్గర్లోని ఇంద్రేశం ఊళ్లో వ్యవసాయం మానేసి, ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరిన మనిషి. వెంట భార్య సత్తెమ్మ. కూర్చోకముందే ఆయన రోగమేదో తనే చెప్పేశాడు.

"పొర వచ్చింది బిడ్డా. ఎడమ కన్ను మంచిగ పండింది. ఇగ కోసెయ్యమను సారును."

కంటి లోపల అద్దంలా ఉండాల్సిన లెన్స్ తెల్లబడితే దాన్ని శుక్లం అంటారు. ఊళ్లలో పొర అనేవారు. అది పూర్తిగా పండేదాకా ఆగాలని, పండాక కోయిస్తే చూపు తిరిగి వస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. అందుకే ఎడమ కంటి చూపు తగ్గుతున్నకొద్దీ మల్లయ్య భయపడలేదు. పొలంలో కాయ ముదరడం చూసినట్టు ఓపిగ్గా ఎదురుచూశాడు.

టార్చి వేసి చూశాను. కంటిపాపలో తెల్లదనం లేదు. నల్లగా, శుభ్రంగా ఉంది. అయినా ఆ కంటికి నా చెయ్యి ఊగడం తప్ప ఏమీ తెలియడం లేదు. కుడి కన్ను మాత్రం బాగానే ఉన్నట్టు తోచింది. చదువు రానివారికి పెట్టే చార్టులో ఇంగ్లిషు E లాంటి గుర్తు కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించమంటే, కింది వరుసల దాకా తప్పు లేకుండా చూపించాడు.

"చూసినవా, ఇది ఇంక పండలే" అని నవ్వి, లేచి, పక్కనే ఉన్న స్టూలును గుద్దుకున్నాడు.

"గట్లనే గుద్దుకుంటడమ్మా" అంది సత్తెమ్మ. "మొన్న బజార్ల నా పక్కకెల్లే పోయిండు. పెద్ద ఆఫీసరైండు కదా, పెండ్లాం యాడ కానొస్తది?"

"కానరాకుంటనే పానం నిమ్మలంగున్నది" అన్నాడాయన.

నాకు నవ్వు రాలేదు. మళ్లీ కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూయించి, నా ముక్కునే చూస్తూ, వేళ్లు కనిపించగానే చెప్పమన్నాను. పక్క నుంచి నా వేళ్లను మెల్లగా లోపలికి తెచ్చాను. మామూలు మనిషైతే వేళ్లు తన చెవి పక్కనుండగానే పసిగడతాడు. ఆయన మాత్రం వేళ్లు దాదాపు నా ముఖం ముందుకు వచ్చేదాకా మాట్లాడలేదు. ఆయనకు మిగిలింది గొట్టంలోంచి చూసేంత చూపు.

డాక్టరు గారు ఆయన్ని పడుకోబెట్టి, మత్తు చుక్కలు వేసి, టోనోమీటర్‌తో కంటి లోపలి ఒత్తిడి కొలిచారు. చాలా ఎక్కువగా ఉంది. గ్లాకోమా, తెలుగులో నీటికాసులు. "ఎడమది పోయింది. కుడి కంటికి రోజూ రెండు పూటలా చుక్కలు వెయ్యాలి, బతికినంత కాలం. ఆపితే ఇదీ పోతుంది. నువ్వు వివరంగా చెప్పమ్మా" అని నాకు అప్పగించి తర్వాతి రోగిని పిలిచారు.

మల్లయ్యకు కోపం వచ్చింది.

"కోసుడు లేదా? చుక్కలేస్తె ఎడమది వస్తదా?"

"రాదు పెద్దయ్యా."

"కుడిది ఎక్కువైతదా?"

"కాదు."

"మరి ఏంటికి? మందుల దుకాణపోని కోసమా?"

బల్ల మీది ప్లాస్టిక్ కన్ను తీసి కార్నియా, లెన్స్, రెటీనా అని మొదలుపెట్టాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. సత్తెమ్మే దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"గిది మేక కన్ను లెక్కనే ఉన్నది గదా. తలకాయ కూరకు గుడ్డు కోస్తుంటె నీళ్లు చిమ్ముతయి. ఎన్కకు తెల్ల నరం ఉంటది. గదేనా?"

"గదే పెద్దమ్మా" అన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు తెలిసింది. "ఆ నీళ్లు లోపల ఊరుతుంటయి, సన్న తొవ్వల బయటికి పోతుంటయి. పెద్దయ్యకు ఆ తొవ్వ సక్కగ లేదు. నీళ్లు నిండి తెల్ల నరాన్ని ఒత్తుతున్నయి. కన్ను చూసింది మెదడుకు చేరేది ఆ నరంలకెల్లే. అది ఎండుకుంట వస్తున్నది. ముందుగాల పక్కలు కానరావు. నడిమిట్ల చూపు ఆఖర్ల పోతది."

"ఎండిన నరం మల్ల పచ్చగ కాదా?"

"కాదు. చుక్కలు నీళ్ల జోరు తగ్గిస్తయి. ఉన్న నరం ఉంటది."

సత్తెమ్మ ఆ ప్లాస్టిక్ కన్నును చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది. మల్లయ్య మెల్లగా అడిగాడు. "పండనీ అని కూసోకుంట ముందే వస్తె ఎడమది ఉంటుండెనా బిడ్డా?"

"ఉంటుండెనేమో" అన్నాను.

ఎండాకాలంలో సత్తెమ్మ ఒక్కతే వచ్చింది. మంట పుడుతోందని, ఏ లాభమూ లేదని ఆయన చుక్కలు మానేశాడట. డాక్టరు గారు మందు మార్చి ఇచ్చారు. అప్పటి నుంచి ఆ పని ఆమే తీసుకుంది. డ్యూటీకి పోయే ముందు మంచంలో పడుకోబెట్టి, "నరం ఎండబెట్టుకుంటవా?" అని తిట్టుకుంటూ చుక్క వేసేదట.

మరుసటి ఏడు మల్లయ్య వచ్చినప్పుడు మళ్లీ ముక్కు చూడమని వేళ్లు తెచ్చాను. మొదటి రోజు వాటిని ఎక్కడ పసిగట్టాడో సరిగ్గా అక్కడే పసిగట్టాడు. ఒత్తిడి దిగింది.

"ఎట్లుంది పెద్దయ్యా?"

"ఏమున్నది? జెర్ర ఫరక్ లేదు. ఇన్ని సీసలు పోస్తిరి, గంతనే ఉన్నది."

విసుగ్గానే అన్నాడు. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

అద్దాలు పెట్టగానే మనుషుల ముఖం విచ్చుకోవడం చూసి ఈ పని ఇష్టపడ్డాను. పోయేదాన్ని పోకుండా ఆపితే ఎవరి ముఖమూ విచ్చుకోదు. అయినా అదీ పనే అని మల్లయ్య వల్ల తెలిసింది. ఆ తర్వాత ఎవరైనా పొర పండుతోంది, ఆగుతున్నాం అంటే, ఒక కన్ను మూయించి నా ముక్కు చూడమనేదాన్ని. బయట లైను పెరిగేది, తలుపు కొట్టేవారు. కొట్టనిచ్చేదాన్ని.