పన్ను పట్టికలో ఒక పేరు

తొంభైలలో ఒక మధ్యాహ్నం, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్లే బస్సులో ఆదాయపు పన్ను పట్టికలు ఒళ్లో పరుచుకుని కూర్చున్నాను. దేశ ఆదాయంలో ధనవంతుల వాటా ఎంతో వాటితోనే తేల్చి, తోటి లెక్చరర్ల నోళ్లు మూయించాలని నా పంతం.

పక్క సీటామె తొంగిచూసింది. "గిదేంది మేడం?"

"ఎవరి సంపాదన ఎంతో సర్కారు రాసుకున్న లెక్క."

"అందరిది ఉంటదా?"

"అందరిది ఉంటే ఇంకేం బాధ? పన్ను కట్టేటోళ్లదే ఉంటది. దేశం మొత్తం ఆదాయంలకెళ్లి అది తీసేస్తే, వచ్చేది మిగిలినోళ్లది," అన్నాను, క్లాసులో దబాయించినట్టే.

"మిగిలినోళ్లల్ల మా ఆయన ఉన్నడా? జెర సూడుండ్రి. ఎనిమిదేండ్లు ఫ్యాక్టరీల వేరేటాయన గేటు పాసు మీద పన్జేసిండు. బాయిలర్ పేలి సచ్చిపోయిండు. పాసు మీదున్నాయన బతికే ఉన్నడు, మరి సచ్చిందెవలని ఆఫీసుల అడుగుతున్నరు. ఆయన పేరున్న సర్కారు కాయితం ఒక్కటి సూపెడితే పైసలిస్తరంట."

"దీంట్ల పేర్లుండయమ్మా. అంకెలే."

ఆమె పేజీ అడుగున ఖాళీ జాగా మీద వేలు పెట్టింది. "ఆయన పేరు గీడ రాయుండ్రి మరి."

ఆమె చెప్పిన పేరు రాశాను. ఆ అక్షరాలను తడిమి, "ఇదేనా?" అని రెండుసార్లు అడిగింది. పేజీ చింపి ఇస్తే, మడిచి కొంగున ముడేసుకుంది.

అది ఎక్కడా చెల్లదని చెప్పడానికి, ఎవరినీ వదలని నా నోరు, పోతిరెడ్డిపల్లి దాటినా పెగల్లేదు. ఆమె కలెక్టరాఫీసు దగ్గర దిగి, గబగబా లోపలికి నడిచింది.