మగ్గం ఆగిన ఫోన్ కాల్

ఇది కల్పించి చెప్పేదైతే నా నోరు పడిపోనీ. నమ్మకపోతే మా రమణన్నను అడగండి, ఇప్పటికీ పెనుకొండలోనే ఉన్నాడు.

రెండువేల ఐదు ప్రాంతం. హిందూపురంలో ఒక చిన్న ఆఫీసు. ఫోన్లు చేసి క్రెడిట్ కార్డులు అమ్మాలి. నా పేరు ఓబులమ్మ. ఆ పేరు చెబితే కార్డు ఎవరు తీసుకుంటారని, ఫోన్లో 'ప్రియ' అనమన్నారు. మా అందరికీ అలాంటి ఫోన్ పేర్లే.

ఆ రోజు నెలాఖరు. నా టార్గెట్‌కు ఒక్క కార్డు తక్కువ. అది పడకపోతే రేపటి నుంచి రావద్దని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. నాయన మంచాన పడ్డాడు, ఇంట్లో నా జీతమే గతి. పొద్దు గూకింది. కరెంటు పోయింది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, సెల్ వెలుగులో చూసుకుని ధర్మవరం నంబరు ఒకటి కొట్టాను.

రింగ్ కాలేదు. నేరుగా మగ్గం చప్పుడు... టక్... టక్... ఒళ్లు జల్లుమన్నా ఆగలేదు. "గుడ్ ఈవినింగ్ సార్, ప్రియ మాట్లాడుతున్నాను" అని గడగడా అప్పజెప్పాను.

మగ్గం ఆగింది.

అవతల ముసలాయన గొంతు. "చీకట్లో నిలబడే చెప్తాండావే... కూచో తల్లీ."

ఎవరితోనో అంటున్నాడనుకున్నాను. చెప్పుకుంటూ పోయాను. కాసేపటికి... "నీళ్లు తాగు. గొంతు ఎండిపోయినట్టుండాది" అన్నాడు. నిజంగానే ఎండిపోయింది. అయినా కార్డు పడాలి కదా... "తీసుకుంటారా సార్?" అన్నాను.

"తీసుకుంటాలే."

సంతోషంతో ఉక్కిరిబిక్కిరైపోయాను. పేరు, ఇల్లు ఎక్కడో చెప్పించుకుని పెట్టేశాను.

మరుసటి రోజు సంతకం కోసం, మా ఆఫీసులో కాగితాలు తిప్పే రమణన్న ధర్మవరం పోయాడు. అన్ని సంతకాలూ చేయించుకుని వచ్చాడు. నా ఉద్యోగం నిలబడింది. ఆయన మాత్రం కూర్చోకుండా నా వంకే చూస్తున్నాడు.

"ఏమన్నా, అట్ల చూస్తాండావు?"

"నిన్న రాత్రి ధర్మవరం పోయింటివా?"

"లేదే. ఈడనే ఉంటి. ఫోన్లో కదా మాట్లాడింది."

"వాళ్ల ఫోను చెడిపోయి నెలాయనంట పాపా. కరెంటు పోయినప్పుడు ఒక పిల్ల గడపలోకి వచ్చి కార్డు గురించి చెప్పెనంట. చెవులకు ఏందో తగిలించుకోనుండెనంట. నీళ్లిస్తే గటగటా తాగెనంట."

నవ్వేయబోయాను. ఇంకెవరో పిల్లయి ఉంటుందిలే అనిపించింది. "పేరేమన్నా చెప్పిందా?" అని అడిగాను.

రమణన్న గొంతు తగ్గించాడు. "ఓబులమ్మ... అనెనంట."

ఫోన్లో నేను ఆ పేరు పలకలేదు. కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. కానీ ఒక్కటి... ఆ ఫోను పెట్టేశాక నాకు దాహం లేదు. గొంతు చల్లగా ఉంది. నీళ్లు ఎప్పుడు తాగానా అంటే... ఇప్పటికీ గుర్తు రావడం లేదు.