పెట్టెలో కార్ల రేసు

ఏడాదిగా వెతుకుతున్న ఫుట్‌బాల్ వీడియో గేమ్ మలేషియాలోని క్లాంగ్‌లో ఉన్న పాత గేముల కొట్టులో సగం ధరకే దొరికింది. పోర్ట్ క్లాంగ్ రైలెక్కి, ఆనందం ఆపుకోలేక పెట్టె తెరిచాను. లోపల కార్ల రేసు డిస్కు ఉంది. దొంగల భయంతో ఆ కొట్టువాళ్లు ఖాళీ పెట్టెలు బయట పెట్టి, డిస్కులు లోపల దాస్తారు. దొంగల సంగతేమో గానీ, వాళ్లకే ఏది ఎక్కడుందో తెలియదు.

ఎదుటి సీట్లో చీర కట్టుకున్న పెద్దావిడ అదే కొట్టు సంచీలోంచి పెట్టె తీసి, తెరిచి, గొణిగింది.

"ఏటిది? నానడిగింది కార్ల రేసు. ఈడు బంతాట ఎట్టినాడు."

రైల్లో తెలుగు వినబడటమే అరుదు. అందులోనూ ఇంత మంచి వార్త. నా డిస్కు చూపించాను.

"నాది అదే లాహ్," అని మలేషియా యాస కలిపి చెయ్యి చాపింది.

మార్చుకున్నాం. "మనవడికా, అమ్మమ్మా?" అని మర్యాదకు అడిగాను.

"ఆడికా? ఆడు మలుపుల కాడ బ్రేకేస్తాడు. నానెయ్యను."

తర్వాతి స్టేషన్‌లో ఆవిడ దిగి, జనంలోంచి దూసుకుపోయిన తీరు చూశాక నమ్మక తప్పలేదు.

ఈమధ్య నేనూ కార్ల రేసు కొన్నాను. మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది.